అపొస్తలుల పాదాల దగ్గర పెట్టిన డబ్బు: కానుక, లెక్క, నిజాయతీ

కానుకలు పట్టే ముందు అననీయ, సప్పీరాల పేర్లు వినని తెలుగు క్రైస్తవులు తక్కువ. పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచి, పేతురు ముందు అబద్ధమాడి, అక్కడికక్కడే పడి చనిపోయిన భార్యాభర్తలు వాళ్లు. దేవునికి ఇవ్వాల్సింది దాచుకుంటే ఏమవుతుందో చూడండని చెప్పడానికే ఈ భాగాన్ని ఎక్కువగా వాడతారు. అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయాన్ని నిదానంగా చదవండి. పేతురు మాట అది కాదు. పొలం అమ్మకముందు నీదే కదా, అమ్మాక ఆ సొమ్ము కూడా నీ చేతిలోనే ఉంది కదా అని అననీయను అడిగాడు. సగం ఇచ్చినా, పావు ఇచ్చినా, అసలేమీ ఇవ్వకపోయినా అడిగేవాళ్లు లేరు. కొంత తెచ్చి అదే మొత్తమన్నట్టు పాదాల దగ్గర పెట్టడం, అందుకు భార్యాభర్తలు ముందే కూడబలుక్కోవడం, అదీ తప్పు. ఈ తేడా చెరిగిపోతే లేఖనం బెదిరింపుగా మారుతుంది. బీదవాళ్ల చేతిలోంచి భయపెట్టి తీసుకున్న డబ్బు కానుక ఎలా అవుతుంది?

ఈ సంఘటనను 4వ అధ్యాయం 32వ వచనం నుంచి చదవాలి. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది, ఈ పుస్తకం రాసిన లూకా పెట్టింది కాదు. ఆయన రాసిన వరుసలో ముందు కుప్ర ద్వీపానికి చెందిన లేవీయుడు యోసేపు వస్తాడు. అపొస్తలులు అతనికి బర్నబా అని పేరు పెట్టారు. అతను భూమి అమ్మి, డబ్బు తెచ్చి ఇచ్చాడు. ఆ వెంటనే 'అయితే' అంటూ అననీయ. ఇద్దరూ అమ్మారు, ఇద్దరూ తెచ్చారు. బర్నబాకు దక్కిన మంచి పేరు అననీయకూ కావాలి, దానికయ్యే ఖర్చు మాత్రం అక్కర్లేదు. ఆస్తి అంతా సమష్టి అని లూకా రాసిన మాట ఇళ్లూ వాకిళ్లూ సంఘం పేర రాసేయడం కాదు. అక్కర పడినప్పుడల్లా ఉన్నవాళ్లు అమ్మి తెచ్చేవాళ్లు. 12వ అధ్యాయం నాటికీ మార్కు తల్లి మరియకు యెరూషలేములో సొంత ఇల్లుంది, తలవాకిలి ఉంది, రొదే అనే పనిపిల్ల ఉంది.

'దాచుకొనెను' అన్నచోట గ్రీకులో ఉన్న క్రియ అరుదైనది. యెహోషువ గ్రంథం 7వ అధ్యాయానికి గ్రీకు అనువాదంలో ఆకాను చేసిన పనికి వాడింది కూడా ఇదే. యెరికో దోపుడు సొమ్ములోంచి ఆకాను షీనారు పైవస్త్రం, రెండువందల తులముల వెండి, యాభై తులముల బంగారు కమ్మి తీసి డేరాలో పాతిపెట్టాడు. లూకా కావాలనే ఆ మాట ఎంచుకున్నాడనిపిస్తుంది. ఆకాను ముట్టింది దేవునికి ప్రతిష్ఠించిన సొమ్ము, తనది కాదు. అననీయది సొంత సొమ్మే, కానీ అంతా ఇచ్చానని కనిపించాలనుకున్నాడు. మూడు గంటల తర్వాత వచ్చిన సప్పీరాను పేతురు సూటిగా అడిగాడు: పొలం ఇంతకే అమ్మారా? నిజం చెప్పడానికి దారి తెరిచి పెట్టిన ప్రశ్న అది. అవును, ఇంతకే అంది ఆమె.

అదే కాలంలో మృత సముద్రం ఒడ్డున కలిసి బతికిన యూదు వర్గం, కుమ్రాన్ సమాజం, నడిచిన తీరుతో పోల్చి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 1947లో బయటపడిన పాత గ్రంథపు చుట్టల్లో వాళ్ల నియమావళి దొరికింది. కొత్తగా చేరినవాడి ఆస్తిని మొదటి ఏడాది ఉమ్మడి ఆస్తిలో కలపరు. రెండో ఏడాది పర్యవేక్షకుడు తీసుకుని అతని పేర లెక్క రాస్తాడు కానీ ఖర్చు పెట్టడు. ఆ ఏడాదీ గడిచి సభ్యుడిగా ఒప్పుకున్నాకే కలుపుతారు. ఆస్తి గురించి తెలిసి అబద్ధం చెప్తే ఏడాదిపాటు పవిత్ర భోజనానికి దూరం, ఆహారంలో నాలుగో వంతు కోత. అక్కడ ఆస్తి అప్పగించడం తప్పనిసరి. యెరూషలేము సంఘంలో కాదు, అందుకే ఈ సంఘంలో అబద్ధం మరీ దారుణం. బలవంతం లేనిచోట అబద్ధమాడాల్సిన అవసరమేముంది?

అయితే మనసులు మంచివైనంత మాత్రాన పంపకం సరిగా జరగదు. 6వ అధ్యాయానికి వచ్చేసరికి గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ భోజనం అందడం లేదని సణుగుడు మొదలైంది. అప్పటికే పురుషులే ఐదువేల మంది. పన్నెండుమంది అపొస్తలులు బోధా చూసుకుని బల్లలూ చూసుకోలేరు. మంచిపేరున్న ఏడుగురిని మీరే ఎంచుకోండని సంఘానికి వదిలారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు: ఏడూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన వర్గానికే గరిటె అప్పగించినట్టు కనిపిస్తుంది. ఇలాంటి జాగ్రత్త యూదులకు కొత్త కాదు. బీదల నిధిని ఇద్దరు వసూలు చేయాలని, ముగ్గురు పంచాలని యూదుల పాత ధర్మసూత్రాల సంకలనం మిష్నా చెబుతుంది. ఒంటరిగా ఎవరి చేతికీ ఇవ్వరు.

పౌలు యెరూషలేము బీదల కోసం పోగు చేసిన చందాలో ఈ జాగ్రత్త మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1 కొరింథీయులకు 16వ అధ్యాయంలో పద్ధతి ఉంది. ఆదివారం ఆదివారం ప్రతివాడూ తన రాబడిని బట్టి తన దగ్గరే కొంత తీసి పెట్టాలి. పౌలు వచ్చాక హడావుడి వసూళ్లు ఉండకూడదు. డబ్బు తీసుకెళ్లేవాళ్లను పౌలు కాదు, కొరింథువాళ్లే ఎంచుకోవాలి, వాళ్లు ఉత్తరాలతో వెళ్లాలి. తాను వెళ్లడం తగునంటే వాళ్లే తనతో వస్తారన్నాడు. రెండో పత్రికలో కారణం దాచకుండా చెప్పాడు: ఇంత పెద్ద మొత్తం విషయంలో మమ్మల్ని ఎవరూ తప్పు పట్టకూడదు, ప్రభువు దృష్టికే కాదు, మనుషుల దృష్టికీ సరిగా ఉండాలి. దేవుడు చూస్తున్నాడు కదా, మళ్లీ లెక్కలెందుకు అనే మాటకు పౌలు దగ్గర చోటు లేదు. సణుక్కుంటూనో బలవంతంగానో వద్దు, ఉత్సాహంగా ఇచ్చేవాణ్ణి దేవుడు ప్రేమిస్తాడన్న మాట కూడా ఈ చందా గురించి రాసిందే.

రెండో శతాబ్దంలో ఈ వరుస కొనసాగింది. క్రీ.శ. 155 ప్రాంతంలో రోములో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రాసిన ప్రకారం ఇష్టమున్నవాళ్లు ఇష్టమైనంత ఇచ్చేవాళ్లు. అది అధ్యక్షుడి దగ్గర ఉండేది, అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, ఖైదీలకు, పరదేశులకు వెళ్లేది. అదే రోము సంఘానికి మార్షియన్ అనే ధనికుడు 2 లక్షల సెస్టర్సులు (రోమన్ నాణేలు) ఇచ్చాడు. సంఘం అతని బోధను తిరస్కరించి బయటికి పంపినప్పుడు ఆ డబ్బూ తిరిగి ఇచ్చేసింది. ఫిలిప్పీలో వాలెన్స్ అనే పెద్ద, అతని భార్య ధనాశలో పడ్డారు. మరో అననీయ, సప్పీరా అనిపించే జంట. స్ముర్న బిషప్ పొలికార్పు ఫిలిప్పీవాళ్లకు రాస్తూ తాను ఎంతో దుఃఖపడుతున్నానని, వాళ్లను శత్రువుల్లా చూడకుండా దారి తప్పిన అవయవాల్లా తిరిగి పిలుచుకోమని చెప్పాడు. దండించే అవకాశం దొరికినప్పుడు ఇలా రాయగలగడం చిన్న విషయం కాదు.

425లో ఉత్తర ఆఫ్రికాలోని హిప్పోలో బిషప్ అగస్టీన్‌కు ఇదే పరీక్ష ఎదురైంది. ఆయన దగ్గరున్న గురువులు సొంత ఆస్తి లేకుండా ఒకే ఇంట్లో ఉండాలి. జనువారియస్ అనే పెద్ద, కూతురి కోసమని కొంత డబ్బు అట్టిపెట్టుకుని, చనిపోయే ముందు అది తనదేనంటూ వీలునామా రాశాడు. కూతుర్నీ కొడుకునీ కాదని సంఘానికి ఇచ్చాడు. అగస్టీన్ ఆ సొమ్ము ముట్టుకోలేదు, పిల్లలకే చెందాలన్నాడు. ఆ సంగతి సంఘం ముందే విప్పి చెప్పాడు. సొంత ఆస్తితో ఉండాలనుకునేవాళ్లు బయట ఉండొచ్చు, గురుత్వం తీసేయను, వేషధారులు మాత్రం నాకు వద్దు అన్నాడు. కొన్ని వారాల తర్వాత, 426 మొదట్లో, అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయాన్ని పరిచారకుడితో చదివించి, పుస్తకం తీసుకుని తానూ మళ్లీ చదివాడు. ఆ తర్వాత తన గురువుల పేర్లు తీసి, ఎవరికి ఏముంది, ఏది ఇంకా తేలలేదు అన్నది జనం వింటుండగా లెక్క అప్పజెప్పాడు.