ఎయిర్‌గన్ ఆటబొమ్మ ఎప్పుడైంది? 4.5 మిల్లీమీటర్ల గీత వెనుక కథ

2023 మార్చిలో సంగారెడ్డి జిల్లా జిన్నారం మండలంలోని ఒక ఫామ్‌హౌస్‌లో ఎయిర్‌గన్ పేలి నాలుగేళ్ల పాప చనిపోయింది. హైదరాబాద్ శివారులో జరిగిన ఈ ఘటన గురించి విన్నప్పుడు నా చుట్టుపక్కల వాళ్లు చాలామంది ఒకటే అన్నారు: "ఎయిర్‌గన్‌తో కూడా ప్రాణం పోతుందా?" నాంపల్లి నుమాయిష్‌లోనో, ఊరి జాతరలోనో బుడగలు కొట్టిన తుపాకీయే మన కళ్లలో మెదులుతుంది కాబట్టి ఆ ప్రశ్న రావడం సహజం. కానీ ఎయిర్‌గన్ పుట్టింది బుడగలు కొట్టడానికి కాదు. దాని నాలుగు వందల ఏళ్ల చరిత్రలో మొదటి మూడు వందల ఏళ్లూ అది పెద్ద గుండుతో వేటాడిన ఆయుధం. ఒక దశలో యుద్ధం కూడా చేసింది. పిల్లల చేతికి వచ్చింది ఆ తర్వాతే. మన చట్టంలో ఎయిర్‌గన్ లైసెన్సుకు ఒక గీత ఎందుకు ఉందో, ఆ గీత రెండు అంకెలతో ఎందుకు గీశారో తెలియాలంటే ఆ వెనకటి కథ తెలియాలి.

ముందు ఆ గీత సంగతి. 2016 ఆయుధ నియమాల ప్రకారం ఎయిర్‌గన్ బోర్ (గొట్టం లోపలి వ్యాసం) 4.5 మిల్లీమీటర్లు దాటకూడదు, గొట్టం మూతి దగ్గర గుండుకు ఉండే శక్తి 20 జౌల్స్ దాటకూడదు. రెండూ లోపల ఉంటేనే లైసెన్సు అక్కర్లేదు. ఏ ఒక్కటి దాటినా అది లైసెన్సు కావాల్సిన ఆయుధమే. అంతకుముందు మన దేశంలో 5.5 మిల్లీమీటర్ల ఎయిర్‌గన్లు, అంటే షూటర్లు "పాయింట్ టూ టూ" అనేవి, మామూలుగానే అమ్మేవారు. అవి ఇంట్లో ఉన్న పాత కుటుంబాలు నగరంలో ఇప్పటికీ ఉన్నాయి. తాతగారి తుపాకీ అటక మీద ఉంటుంది, దాని బోర్ ఎంతో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఈ సైజులు ఇంగ్లండ్ నుంచి వచ్చాయి. 1904లో బర్మింగ్‌హామ్‌కు చెందిన లింకన్ జెఫ్రీస్ ఒక స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కు పేటెంట్ తీసుకున్నాడు. అక్కడి తుపాకుల కంపెనీ బీఎస్ఏ దాన్ని తయారుచేసి అమ్మింది. అక్కడివాళ్లు బోర్లకు వరస నంబర్లు పెట్టుకున్నారు: ఒకటో నంబరు అంగుళంలో .177 వంతు, అంటే 4.5 మిల్లీమీటర్లు. రెండో నంబరు .22, అంటే 5.5. మూడో నంబరు .25, అంటే 6.35. వీటి మధ్యలో .20 క్యాలిబర్‌ను (బోర్ కొలతనే అలా అంటారు) 1947లో అమెరికాలో షెరిడాన్ కంపెనీ తెచ్చింది. ఈరోజు దుకాణంలో దొరికే పెల్లెట్ (ఎయిర్‌గన్‌లో వాడే చిన్న గుండు) డబ్బా మీద ఉండే అంకెలు దాదాపుగా ఇవే. 4.5 పెల్లెట్ బరువు సుమారు అర గ్రాము. 5.5 పెల్లెట్ దాదాపు గ్రాము దాకా తూగుతుంది. వ్యాసంలో తేడా ఒక్క మిల్లీమీటరే అయినా బరువు రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది. క్యాలిబర్ విషయంలో కంటికి కనిపించే తేడా చిన్నది, దాని ఫలితం పెద్దది.

ఎందుకంటే గాలి తుపాకీలో గుండును నెట్టేది గాలి ఒత్తిడి ఒక్కటే. ఆ ఒత్తిడి గుండు వెనక భాగం మొత్తం మీద పడుతుంది. వ్యాసం రెట్టింపైతే వెనక భాగం వైశాల్యం నాలుగింతలవుతుంది, తోసే బలమూ నాలుగింతలవుతుంది. మందు తుపాకీలో ఇంకా బలం కావాలంటే మందు పెంచుకోవచ్చు. చేతి పంపుతో నింపిన గాలికి ఆ వీలు లేదు, అది ఒక హద్దు దాటి ఎక్కదు. కాబట్టి పాతకాలపు కమ్మరికి ఉన్న దారి ఒకటే: గొట్టాన్ని వెడల్పు చెయ్యడం. తొలినాటి గాలి తుపాకుల్లో బలంగా కొట్టాల్సినవన్నీ పెద్ద బోర్‌తో ఉండటానికి కారణం ఇదే.

తొలినాటిది అంటే ఎంత పాతది? స్టాక్‌హోమ్‌లోని రాజవంశ ఆయుధ మ్యూజియంలో 1580 ప్రాంతపు ఎయిర్‌గన్ ఒకటుంది. అందులో గాలిని నొక్కేది కొలిమి తిత్తి లాంటి తిత్తి. 17వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్‌లో లిజ్యూ పట్టణానికి చెందిన మారెన్ బూర్జువా అనే పనివాడు గాలి నింపిన తుపాకీ చేసి నాలుగో హెన్రీ రాజుకు ఇచ్చాడు. ఆ తర్వాత రాజులు, జమీందారులు వేటకు ఇలాంటివి చేయించుకున్నారు. మందు తుపాకీ పేలితే పొగ కమ్ముతుంది, వానలో మందు తడిసిపోతుంది, చప్పుడుకు అడవి అంతా లేస్తుంది. గాలి తుపాకీకి ఈ మూడు తలనొప్పులూ లేవు. అడవి పందిని, జింకను కొట్టాలంటే మాత్రం పెద్ద గుండే కావాలి.

ఇక ఈ కథలో అసలు వస్తువు దగ్గరికి వద్దాం. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యానికి జిరార్దోని అనే తుపాకుల పనివాడు ఒక ఎయిర్ రైఫిల్ చేసిపెట్టాడు. పొడవు సుమారు నాలుగడుగులు, బరువు నాలుగున్నర కిలోలు. మనకు బాగా తెలిసిన నమూనాల బోర్ దాదాపు 11.75 మిల్లీమీటర్లు. భుజానికి ఆనించే బట్ చెక్కది కాదు. ఇనుప రేకుతో చేసిన శంఖాకారపు గాలి ట్యాంకు, దాని మీద తోలు తొడుగు. గొట్టం పక్కన ఇంకో సన్నని గొట్టం, అందులో 20కి పైగా సీసపు గుండ్లు వరసగా ఉంటాయి. కాల్చాలంటే తుపాకీ మూతి కాస్త పైకెత్తి, వెనక అడ్డంగా ఉన్న చిన్న దిమ్మను బొటనవేలితో నెట్టాలి. గుండు తన బరువుకు తానే దొర్లి దిమ్మలోని గుంటలో పడుతుంది. వేలు తీస్తే స్ప్రింగ్ ఆ దిమ్మను మళ్లీ గొట్టం ఎదురుకు తోస్తుంది. ఇక కాల్చడమే. అప్పటి మామూలు సిపాయి నిలబడి మూతిలోంచి మందు, గుండు దంచుకుంటూ నిమిషానికి రెండో మూడో తూటాలు కాల్చేవాడు. జిరార్దోని పట్టుకున్నవాడు నేల మీద పడుకుని, ఒక్క నిమిషంలో గొట్టం ఖాళీ చెయ్యగలడు. పొగ రాదు కాబట్టి ఎక్కడి నుంచి కాలుస్తున్నాడో అవతలివాడికి తెలియదు.

ఆ ట్యాంకులో ఒత్తిడి సుమారు 55 బార్, అంటే మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి దాదాపు 55 రెట్లు. ఇక్కడ చిన్న లెక్క వేసుకుంటే పెద్ద బోర్ సంగతి చేతికి అందినట్టు అర్థమవుతుంది. అదే 55 బార్ ఒత్తిడి 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ వెనక పడితే తోపు బలం తొమ్మిది కిలోల బరువుకు సమానం. 11.75 మిల్లీమీటర్ల గుండు వెనక పడితే అరవై కిలోలకు సమానం. ట్యాంకు అదే, గాలి అదే. మారింది గొట్టం వెడల్పు ఒక్కటే.

అదే కాలంలో మన దగ్గర ఏం జరుగుతోందో గుర్తు చేసుకోవడం నాకు ఇష్టం. 1786లో నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచ్ సేనాని రేమండ్ ఫతే మైదాన్ దగ్గర ఫిరంగులు పోతపోసే కార్ఖానా కట్టించాడు. గన్‌ఫౌండ్రీ అనే పేరు ఆ ప్రాంతానికి అలాగే నిలిచిపోయింది. వియన్నా సిపాయి గాలి తుపాకీ పంపు కొడుతున్న సంవత్సరాల్లోనే, ఇప్పటి ఎల్‌బీ స్టేడియం పక్కన కంచు కరిగి ఫిరంగి అచ్చుల్లోకి పోతోంది. ప్రపంచం ఆ రెండో దారిలోనే పోయింది. కారణం పంపు కొట్టడంలోనే ఉంది. జిరార్దోని ట్యాంకు ఒక్కదాన్ని నింపడానికి చేతి పంపు సుమారు 1500 సార్లు కొట్టాలి. నింపినా, పనికొచ్చే ఒత్తిడి ముప్పై తూటాల దాకానే. తోలు వాషర్లు ఎండిపోతే గాలి కారిపోతుంది, వాటిని తడుపుతూ ఉండాలి. రేకు ట్యాంకును గాలి కారకుండా అతికించే పనివాళ్లు దొరకడం కష్టం. అది చెడితే మామూలు కమ్మరి బాగుచెయ్యలేడు. 1815 నాటికి ఆస్ట్రియా సైన్యం వీటిని పక్కన పెట్టేసింది. ఇవి పట్టుకుని దొరికిన సిపాయిలను ఉరి తియ్యమని నెపోలియన్ ఆజ్ఞ ఇచ్చాడని ఒక కథ తిరుగుతుంటుంది. రుజువు మాత్రం లేదు.

సైన్యం వదిలేసినా ఈ రకం తుపాకీ ఒకటి అమెరికా చరిత్రలో చోటు సంపాదించింది. మెరివెదర్ లూయిస్, విలియం క్లార్క్ పడమటి తీరానికి చేసిన యాత్రలో ఒక ఎయిర్ రైఫిల్‌ను వెంట తీసుకెళ్లారు. అది జిరార్దోనియే అని ఇప్పుడు చాలామంది చరిత్రకారులు నమ్ముతున్నారు. దారిలో ఎదురైన ఆదివాసీ తెగల ముందు దాన్ని కాల్చి చూపించేవారు. పొగ లేకుండా, మందు నింపకుండా వరసగా కాలే తుపాకీ చూసి వాళ్లు విస్తుపోయేవారు. కానీ నన్ను ఆపింది ఆ యాత్ర దినచర్యలో మొట్టమొదటి రోజు రాసిన మాట. 1803 ఆగస్టు 30న పిట్స్‌బర్గ్ దగ్గర ఒహయో నదిలోని బ్రూనో దీవిలో ఆగినప్పుడు, అక్కడివాళ్లు ముచ్చటపడితే లూయిస్ 55 గజాల దూరానికి ఏడుసార్లు కాల్చి చూపించాడు. తర్వాత తుపాకీ ఇంకొకరి చేతికి వెళ్లింది. వాడటం తెలియని ఆ మనిషి చేతిలో అది పేలి, నలభై గజాల అవతల ఉన్న ఒక స్త్రీ కణతను గుండు చీల్చుకుంటూ పోయింది. ఆమె కుప్పకూలింది, నెత్తురు ధారగా కారింది, చనిపోయిందనే అందరూ అనుకున్నారు. అదృష్టం, కాసేపటికి తేరుకుంది. కొత్తవాళ్ల చేతికి తుపాకీ ఇవ్వడం, అది నిండి ఉందని వాళ్లకు తెలియకపోవడం, అవతల జనం నిలబడి ఉండటం: రెండు వందల ఏళ్ల తర్వాత మన ఫామ్‌హౌస్‌లలో జరుగుతున్నదీ సరిగ్గా ఇదే.

పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో చేతికర్రలా కనిపించే గాలి తుపాకులు వచ్చాయి. వాటి తర్వాత పెద్ద బోర్ క్రమంగా మరుగున పడింది. తూటాలు చవకయ్యాయి, గాలితో ఎవరికీ అవసరం లేకపోయింది. గాలి తుపాకీ మళ్లీ బతికింది చిన్నదై, బొమ్మై. 1880ల్లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ప్లిమత్ అనే ఊళ్లో, గాలిమరలు చేసే కంపెనీ ఒకటి రైతులను ఆకట్టుకోవడానికి చిన్న ఎయిర్‌గన్ తయారుచేసింది. మరల కంటే తుపాకీకే గిరాకీ పెరిగి, చివరికి కంపెనీ పేరే 'డైసీ'గా మారిపోయింది. పిల్లల పుట్టినరోజు కానుకగా ఎయిర్‌గన్ ఇచ్చే అలవాటు ఈ డైసీల కాలంలోనే పాకింది. స్ప్రింగ్, పిస్టన్‌తో పనిచేసే తుపాకీలో ట్రిగ్గర్ నొక్కినప్పుడు తయారయ్యే గాలి చాలా కొంచెం. దానితో పెద్ద గుండును నెట్టలేం. కాబట్టి చిన్న బోరే దానికి తగినది. నడుము సన్నగా, వెనక గంట ఆకారంలో ఉండే పెల్లెట్ కూడా ఈ రకం తుపాకీకే అచ్చంగా సరిపోయింది.

అదే చిన్న బోర్ ఆటల్లోకి వెళ్లి గౌరవం తెచ్చుకుంది. 1966లో ప్రపంచ షూటింగ్ పోటీల్లోకి, 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోకి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ వచ్చింది. ఇందులో 4.5 మిల్లీమీటర్ల బోర్ తప్ప ఇంకొకటి కుదరదు. టార్గెట్ మధ్యలో పది మార్కుల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. దాన్ని కొట్టే పెల్లెట్ ఆ చుక్క కంటే తొమ్మిది రెట్లు వెడల్పు! ఈ పోటీకి బలం అవసరం లేదు. పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల చుట్టుపక్కల వేగంతో పోతుంది, శక్తి ఎనిమిది జౌల్స్ లోపే. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం ఈ తుపాకీతోనే. 2012 లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యమూ దీనితోనే. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో రజతం తెచ్చిన ఈషా సింగ్ కూడా మన నగరం అమ్మాయే. వీళ్లను చూసే నగరంలో పిల్లలు షూటింగ్ అకాడమీల్లో చేరుతున్నారు, ఇది చాలా మంచి సంగతి. రేంజ్‌లో తుపాకీ పట్టిన మొదటి రోజే నేర్పేది గురి కాదు, మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే ఉంచడం.

ఇదిలా ఉండగా, చాలాకాలం నిద్రపోయిన పెద్ద బోర్ మళ్లీ లేచింది. స్కూబా డైవింగ్ సిలిండర్లు, వాటిని నింపే కంప్రెసర్లు అందుబాటులోకి వచ్చాక 55 బార్ కాస్తా 200, 300 బార్లు అయింది. కొరియాలో, అమెరికాలో .45, .50 బోర్ ఎయిర్ రైఫిళ్లు తయారవుతున్నాయి. 2015లో వచ్చిన ఎయిర్‌ఫోర్స్ టెక్సన్ .457 బోర్‌ది, దాని శక్తి 680 జౌల్స్ దాకా అని తయారీదారు లెక్క. పోలీసుల చేతిలో ఉండే 9 ఎంఎం పిస్టల్ శక్తి 500 జౌల్స్ ప్రాంతంలో ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన ఉమారెక్స్ హ్యామర్, .50 బోర్‌ది, వెయ్యి జౌల్స్ దాటుతుందని చెబుతారు. అక్కడ వీటితో అడవి పందులను వేటాడతారు. మన కుర్రాళ్లు ఆ వీడియోలు చూసి, "ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదు కదా" అనుకుంటున్నారు. అవి ఇక్కడ పూర్తిగా లైసెన్సు కిందికి వచ్చే ఆయుధాలు.

చట్టంలో బోర్‌తో పాటు జౌల్స్ కూడా ఎందుకు రాశారో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. బోర్ ఒక్కటే చూస్తే, సిలిండర్ గాలితో నడిచే 4.5 మిల్లీమీటర్ల రైఫిల్‌ను సెట్టింగ్ మార్చి 20 జౌల్స్ దాటించిన కేసు తప్పించుకుంటుంది. జౌల్స్ ఒక్కటే చూస్తే, ఈరోజు బలహీనంగా అమ్మిన పెద్ద బోర్ తుపాకీలో రేపు గాలి ఒత్తిడి పెంచేస్తారు. గీత మంచిదే. కానీ దాని లోపల ఉన్నదంతా బొమ్మ అని మాత్రం ఎవరూ అనుకోకూడదు. ఎనిమిది జౌల్స్ పెల్లెట్ కూడా దగ్గర నుంచి తగిలితే కన్ను పోతుంది. పసిపిల్లల లేత ఎముకలకు ఇంకా ప్రమాదం.

పక్షుల సంగతి వేరే చెప్పాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. దాని ముందు క్యాలిబర్ లెక్కలు చెల్లవు. లైసెన్సు అక్కర్లేని తుపాకీతో చెరువు గట్టు మీద కొంగను కొట్టినా అది వేట నేరమే. 2021 మార్చిలో అరుణాచల్ ప్రదేశ్ ప్రభుత్వం ఎయిర్‌గన్లు స్వచ్ఛందంగా అప్పగించే కార్యక్రమం మొదలుపెడితే జనం రెండు వేలకు పైగా తుపాకులు తెచ్చి ఇచ్చారు. మన చెరువుల చుట్టూ అలాంటి ప్రయత్నం ఎవరైనా మొదలుపెడితే బాగుండునని నా ఆశ.

కొత్తగా కొనేవాళ్లు బిల్లు మీద క్యాలిబర్‌తో పాటు ఎన్ని జౌల్సో కూడా రాయించుకోవాలి. అటక మీద పాతది ఉన్నవాళ్లు ముందు దాని బోర్ కొలిపించుకోవాలి. 5.5 అయితే దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో అడిగి, ఏం చెయ్యాలో తేల్చుకోవాలి. రెంటిలో ఏదైనా సరే, తుపాకీ ఒక బీరువాలో, పెల్లెట్లు ఇంకో బీరువాలో, తాళాలు రెండూ పెద్దవాళ్ల దగ్గరే.