తడి గ్లవ్ ఎంత లావుగా ఉన్నా దండగే

మేం అమెరికాలో మినియాపొలిస్ దగ్గర ఉంటాం. ఇక్కడ జనవరిలో రాత్రిపూట సగటున మైనస్ 13 డిగ్రీల దాకా పడిపోతుంది, ఉత్తరం నుంచి చలిగాలి దిగిన వారాల్లో మైనస్ 25 కూడా చూస్తాం. మా అమ్మాయి గుర్రపుస్వారీ నేర్చుకుంటోంది, ఫీజు కొంత తగ్గుతుందని శని ఆదివారాలు పొద్దున్నే నేను గుర్రాలశాలలో, అదే బార్న్‌లో పని చేస్తా, నీళ్ళు మోయడం, గడ్డి వేయడం, లద్ది ఎత్తడం, గుర్రాల్ని బయటికి వదలడం. మొదటి చలికాలం షాపులో అన్నిటికంటే లావుపాటి స్కీ గ్లవ్స్ చూసి కొనుక్కెళ్ళా. గట్టిగా అరగంట కూడా కాకముందే వేళ్ళు కొంకర్లు పోయాయి.

అసలేం జరిగిందంటే, బకెట్‌లో మంచు పగలగొడుతుంటే నీళ్ళు చిందాయి, అవి మణికట్టు దగ్గర నుంచి లోపలికి దిగాయి. తర్వాత గుర్రం తలపట్టీకి తాడు తగిలించే కొక్కెం ఉంటుందే, దాని చిన్న మీటని ఆ లావు గ్లవ్‌తో లాగలేక గ్లవ్ తీసేశా. చెమ్మగా ఉన్న వేలికొసలు ఆ ఇనుముకి టక్కున అతుక్కుపోయాయి, కంగారుగా లాగితే కొంచెం చర్మం అక్కడే ఉండిపోయింది. అప్పట్నుంచి గ్లవ్స్ గురించి చదవడం, కనపడిన ప్రతి గుర్రాలవాళ్ళని అడగడం మొదలుపెట్టా.

ముందు ఒకటి అర్థం చేసుకోవాలి, గ్లవ్ వేడి పుట్టించదు. అది చేసేదల్లా కదలని గాలిని పట్టి ఉంచడమే. మన ఊళ్ళల్లో పాతబడిన పరుపుని దూదేకులవాళ్ళ దగ్గరికి పంపేవాళ్ళు గుర్తుందా, దూది బరువు అదే, కానీ ఏకాక పొంగి మళ్ళీ వెచ్చగా అయ్యేది, ఎందుకంటే పోగుల మధ్య గాలి మళ్ళీ చేరింది కాబట్టి. వేడిని మోసుకుపోయే గుణం గాలికి సుమారు 0.025 అనుకుంటే నీళ్ళకి 0.6, అంటే దాదాపు 24 రెట్లు. గ్లవ్ లోపల గాలి ఉండాల్సిన చోట నీళ్ళు చేరితే అది దుప్పటి కాదిక, వేడిని బయటికి పంపే దారి. ఇక ఇనుము అయితే నీళ్ళ కంటే కూడా ఎన్నో రెట్లు ఎక్కువ లాగేస్తుంది, అందుకే తడి వేలు దానికి తగలగానే ఆ చెమ్మ క్షణంలో మంచై జిగురులా పట్టేసింది.

మరి వేడి ఎక్కడినుంచి వస్తుంది అంటే రక్తం నుంచి. వేళ్ళని కదిలించే కండరాలు వేళ్ళలో లేవు, ముంజేతిలో, అరచేతిలో ఉన్నాయి, కాబట్టి వేళ్ళు సొంతంగా పుట్టించుకునే వేడి చాలా తక్కువ. ఒళ్ళు చల్లబడుతోందని తెలియగానే శరీరం గుండె, మెదడు లాంటివాటికి వేడి దాచిపెట్టడానికి వేళ్ళ రక్తనాళాల్ని బిగించేస్తుంది, అప్పుడు ఎంత మంచి గ్లవ్ వేసినా దాచడానికి లోపల వేడే ఉండదు కదా. చేతులు చల్లబడుతున్నాయంటే ముందు చూసుకోవాల్సింది టోపీ, మెడ, ఛాతీ, మణికట్టు. మణికట్టు దగ్గర రక్తనాళాలు చర్మానికి బాగా దగ్గరగా పోతాయి, అక్కడ జాకెట్ చేతికీ గ్లవ్‌కీ మధ్య రెండు వేళ్ళంత సందు ఉన్నా చాలు, వేడి పోతూనే ఉంటుంది. పొడుగు కఫ్ ఉన్న గ్లవ్ తీసుకోమని నేను అందరికీ గట్టిగా చెప్పేది అందుకే.

ఇంకో విచిత్రం ఉంది. బాగా చల్లబడిన వేళ్ళకి అయిదు పది నిమిషాల తర్వాత ఒక్కసారిగా రక్తం వచ్చి భగ్గున మండినట్టు, పొడిచినట్టు అవుతుంది, మళ్ళీ నాళాలు మూసుకుంటాయి, మళ్ళీ తెరుచుకుంటాయి. థామస్ లూయిస్ అనే బ్రిటిష్ డాక్టర్ 1930లో దీన్ని వివరంగా రాశాడు. అది వేళ్ళు బతకడానికి శరీరం చేసే ప్రయత్నం, ఆ మంటకి భయపడక్కర్లేదు. కానీ మంటా లేక, స్పర్శా లేక వేలు తెల్లగా మైనంలా పాలిపోయిందంటే పని ఆపేసి లోపలికి వెళ్ళిపోవాలి, అది చర్మం గడ్డకట్టడానికి మొదలు, రుద్దకూడదు కూడా.

గాలి సంగతి సరే సరి. అంటార్కిటికాలో పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు చిన్న డబ్బాలో నీళ్ళు పోసి గాలికి వేలాడదీసి అవి ఎంతసేపట్లో గడ్డకడతాయో కొలిచారు, 1945లో అచ్చయిన ఆ పని నుంచే విండ్ చిల్, అంటే గాలి తోడైతే చలి ఎంతలా అనిపిస్తుందో చెప్పే లెక్క మొదలైంది. 2001లో అమెరికా, కెనడా దాన్ని సవరించాయి. ఇప్పటి లెక్కలో మైనస్ 20 చలికి గంటకి 30 కిలోమీటర్ల గాలి తోడైతే మొహానికి మైనస్ 33లా ఉంటుంది. గుర్రం దుడుకు నడక, అదే ట్రాట్, గంటకి సుమారు 13 కిలోమీటర్లు, అంటే ఆకు కదలని రోజున కూడా ఎక్కిన మనిషి తన గాలి తనే తెచ్చుకుంటోంది.

అందుకే పనికో గ్లవ్, స్వారీకో గ్లవ్ అంటాను. పని చేసేటప్పుడు ఒళ్ళు కదులుతుంది, వేడెక్కుతుంది, చెమట కూడా పడుతుంది, అక్కడ శత్రువు తడి. స్వారీలో చేతులు ఒకేచోట పట్టినట్టు ఉంటాయి, గాలి తగులుతుంది, అక్కడ శత్రువు కదలిక లేకపోవడం, పైగా లావు గ్లవ్ వేసుకోడానికి వీల్లేదు. పగ్గం ఉంగరపు వేలుకీ చిటికెన వేలుకీ మధ్యలోంచి వచ్చి బొటనవేలు కింద నుంచి పోతుంది, ఆ సందులో దూదిలాంటి లైనింగ్ లావుగా ఉంటే వేళ్ళు ఎడమైపోయి పగ్గం జారుతుంది, జారకుండా గట్టిగా పిడికిలి బిగిస్తే గుర్రం నోటికి నొప్పి, బిగించినచోట లైనింగ్ నలిగి గాలి పోయి మన వేలికి చలి. ఆ పట్టులోనే గుర్రం నోటితో మాట్లాడేది మనం. వేలి చర్మం 15 డిగ్రీల కంటే చల్లబడితే చేతి నేర్పు తగ్గుతుంది, 8 దాటి ఇంకా కిందికి పోతే స్పర్శే మొద్దుబారుతుంది, అప్పుడు ఎంత లాగుతున్నామో మనకే తెలీదు.

స్వారీకి నేను మా అమ్మాయికి కొన్నది మేకతోలు గ్లవ్, సన్నటి లైనింగ్, పగ్గం తగిలే రెండు వేళ్ళ మధ్య అదనంగా తోలు అతుకు ఉన్నది. లైనింగ్‌లో వాడే ఒక కృత్రిమ పీచు పేరు థిన్సులేట్, గ్లవ్ మీద ఆ పేరు రాసి పక్కన 40, 100, 200 అని గ్రాములుంటాయి, అది చదరపు మీటరుకి ఆ పీచు బరువు. స్వారీకి 40 చాలు, పనికి 100 నుంచి 200. దాని పీచు చాలా సన్నం కాబట్టి తక్కువ మందంలో ఎక్కువ గాలిని నిలుపుతుంది. మరీ చలి రోజున లోపల పలచటి మెరీనో ఉన్ని గ్లవ్ వేస్తాం, ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా చెమ్మ పీల్చుకున్నా తడిగా అనిపించదు. కాటన్ లైనింగ్ అని ఉంటే మాత్రం అక్కడే పెట్టేసి రండి, చెమటకి తడిసి ముద్దవుతుంది.

నీళ్ళ పనికి చేపలు పట్టేవాళ్ళు వాడే రబ్బరు పూత గ్లవ్, లోపల లైనింగ్ ఉన్నది, దాన్ని మించింది నాకు దొరకలేదు. గడ్డి, లద్ది, తాళ్ళ పనికి లైనింగ్ ఉన్న పందితోలు గ్లవ్, దానికి తేనెమైనం రుద్దుకుంటా. తాడు పట్టేటప్పుడు నున్నటి నైలాన్ గ్లవ్ వద్దు, గుర్రం ఉలిక్కిపడి లాగితే సర్రున జారిపోతుంది, తాడుని చేతికి చుట్టుకోవడం అయితే ఎప్పటికీ వద్దు. నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో ఉండే మిటెన్ అన్నిటికంటే వెచ్చన, విడివిడి వేళ్ళు సన్నటి గొట్టాల్లాంటివి, చలికి తగిలే ఒళ్ళు ఎక్కువ, లావు పెంచేకొద్దీ బయటి చుట్టుకొలతా పెరిగి లాభం తగ్గుతూ పోతుంది. కానీ మిటెన్‌తో కొక్కెం తియ్యలేం, పనుల మధ్య నడిచేటప్పుడు పైన తొడుక్కోడానికి బాగుంటుంది.

షాపులో వేసుకుని చూసేటప్పుడు పిడికిలి బిగించండి. వేలికొసల దగ్గర కొంచెం ఖాళీ మిగలాలి, బిగుతు గ్లవ్ రక్తాన్నీ ఆపుతుంది, గాలినీ నలిపేస్తుంది. తర్వాత ఆ గ్లవ్‌తోనే జాకెట్ జిప్ పైకి లాగండి, జేబులోంచి తాళంచెవి తియ్యండి. రాకపోతే బార్న్‌లో నాలుగు నిమిషాలకోసారి గ్లవ్ తీస్తారన్నమాటే. హ్యాండ్ వార్మర్లు కొంటే అవి అరచేతిలో కాదు, చేతి పైవైపు పెట్టుకోవాలి. అందులో ఉండేది ఇనప పొడి, అది తుప్పు పడుతూ వేడినిస్తుంది, తుప్పుకి గాలి కావాలి కాబట్టి నీళ్ళు చొరని బిగుతు గ్లవ్‌లో త్వరగా చల్లారిపోతుంది.

అన్నీ విఫలమైతే గుర్రమే ఉంది. దాని ఒంటి వేడి 38 డిగ్రీలు, జూలు కింద మెడకి చెయ్యి ఆనించి పెడితే రెండు నిమిషాల్లో వేళ్ళు దారికొస్తాయి, మా బార్న్‌లో ముసలి ఆడగుర్రం ఒకటి అలా పెట్టినంతసేపూ కదలకుండా నిలబడుతుంది. దానికి కూడా మనం అంత చెయ్యాలి, కళ్ళెంలోని ఇనప కడ్డీని మైనస్ 15లో అలాగే నోట్లో పెట్టకండి, నా వేలికి జరిగిందే దాని నాలుకకి జరుగుతుంది. మా అమ్మాయి కారులో వచ్చేటప్పుడే ఆ కడ్డీని జాకెట్ లోపల చంకలో పెట్టుకుని కూచుంటుంది.

తడిసిన జతని హీటర్ మీద పెట్టకండి, తోలు ముడుచుకుపోయి అట్టలా గట్టిపడుతుంది. నేను ఇంటికి రాగానే రెండు ఖాళీ సీసాలకి తొడిగి గుమ్మం పక్కన నిలబెడతా, అప్పటికి రెండో జత జేబులోంచి తీసి చేతికి వేసుకునే ఉంటా.