కవర్ వెర్షన్లకు మార్కులు వేసేటప్పుడు: అపోహలు - వాస్తవాలు

ఒక పాత పాట, దానికి పది కవర్ వెర్షన్లు, అంటే వేరేవాళ్లు మళ్లీ పాడిన రికార్డింగులు. వాటిలో ఏది గొప్పదో తేల్చమంటే ఎవరికైనా ఉత్సాహంగానే ఉంటుంది. నేను పాటలు మిక్స్ చేస్తాను, అంటే గొంతు, వాయిద్యాల పాళ్లు కలిపి సరిచేస్తాను, కవర్ పాటల పోటీల్లో మార్కులు కూడా వేస్తాను. ఈ విషయంలో జరిగే వాదనలు విన్నకొద్దీ నాకు అర్థమైంది ఇదీ: చాలామంది పాట గురించి మాట్లాడుతున్నామనుకుంటూ వాల్యూమ్ గురించో, ముందు ఏది విన్నామన్నదాని గురించో, తెర మీద చూసినదాని గురించో తీర్పు చెప్పేస్తుంటారు. ఆ పొరలన్నీ తీశాక మిగిలేదే పోలిక.

అపోహ: ఒరిజినల్‌ను ఏ కవరూ మించలేదు

ఇంతకీ ఒరిజినల్ ఏది? గాయకుడు, కవి లియోనార్డ్ కోహెన్ పాట 'హల్లెలూయా'నే తీసుకోండి. 1984లో 'వేరియస్ పొజిషన్స్' ఆల్బమ్‌లో వచ్చింది. ఆ ఆల్బమ్‌ను అమెరికాలో విడుదల చేయడానికి రికార్డు కంపెనీయే ఇష్టపడలేదు. తర్వాత కోహెనే కచేరీల్లో వేరే చరణాలు పాడుతూ వచ్చాడు. మరో గాయకుడు జాన్ కేల్ సాహిత్యం పంపమని అడిగితే ఫ్యాక్స్‌లో పేజీలకు పేజీలు వచ్చాయి. అందులోంచి కొన్ని చరణాలు ఏరుకుని, పియానో ఒక్కటే పెట్టుకుని కేల్ 1991లో పాడాడు. గాయకుడు జెఫ్ బక్లీ 1994లో పాడినదానికి ఆధారం ఆ కేల్ వెర్షనే. 2001లో 'ష్రెక్' సినిమాలో వినిపించే గొంతు కేల్‌ది, అదే సినిమా సౌండ్‌ట్రాక్ ఆల్బమ్‌లో ఉన్నది రూఫస్ వెయిన్‌రైట్ అనే ఇంకో గాయకుడిది. 'ఒరిజినల్‌లా లేదు' అని బక్లీకో వెయిన్‌రైట్‌కో మార్కులు కోసేవాళ్లు ఏ ఒరిజినల్‌తో పోలుస్తున్నట్టు?

పాట అంటే మాటలు, బాణీ, కార్డులు (chords, ఒకేసారి మోగే స్వరాల గుత్తులు). మొదటి రికార్డింగు కూడా ఆ పాటను పాడిన తీరుల్లో ఒకటి, కాకపోతే అందరికన్నా ముందు వచ్చింది. అందుకే నేను ఒక రికార్డింగును ఇంకో రికార్డింగుతో పోల్చను. ఒక్కొక్కదాన్నీ పాటతో పోలుస్తాను.

అదెలాగంటే, ఇదే పాట మొదటి చరణంలో ఒకచోట మాటలే కార్డుల నడక చెబుతాయి: నాలుగో కార్డు, ఐదో కార్డు, మైనర్‌లోకి దిగడం, మేజర్‌లోకి లేవడం. కింద వాయిద్యం సరిగ్గా అదే చేస్తుంది. సి మేజర్‌లో పాడితే అక్కడ ఎఫ్, జి, ఎ మైనర్, మళ్లీ ఎఫ్ వస్తాయి. ఏ కవర్ చేతికొచ్చినా నేను ముందు ఆ చోటే వింటాను. వాయిద్యాలు కూర్చే అరేంజర్లు కొందరు అక్కడ కొత్తదనం కోసం కార్డులు మార్చేస్తారు. వినడానికి కమ్మగానే ఉంటుంది, కానీ మాట ఒకటి చెబుతుంటే వాయిద్యం ఇంకొకటి చేస్తుంది. పాట తెలిసినవాళ్లు చేసే పని కాదది.

అపోహ: పక్కపక్కనే పెట్టి వింటే ఏది బాగుందో చెవికే తెలిసిపోతుంది

వాల్యూమ్ సమం చేయనంతవరకు తెలియదు. నా వృత్తిలో రోజూ ఎదురయ్యే సంగతి కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

మన చెవి మధ్యస్థాయి ధ్వనులను బాగా పట్టుకుంటుంది. వాల్యూమ్ తగ్గేకొద్దీ బేస్ (కింది స్థాయి ధ్వని) పలచబడుతుంది, పెరిగేకొద్దీ నిండుగా వినిపిస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. దీనివల్ల జరిగేదేమిటంటే, రెండు రికార్డింగుల్లో ఒకటి ఒక డెసిబెల్ ఎక్కువగా మోగితే వినేవాళ్లకు 'ఇది పెద్దగా ఉంది' అని తట్టదు. 'ఇందులో జీవం ఉంది, గొంతు దగ్గరగా ఉంది' అనిపిస్తుంది. మిక్సింగ్ గదిలో ఈ మాయ ఎంత బలమైనదో తెలుసు కాబట్టే, ఏ మార్పు చేసినా ముందు లెవెల్ సరిచేసుకుని ఆ తర్వాతే పాతదానితో పోల్చి చూస్తాం.

ఇక కాలం తేడా తోడైతే చెప్పనక్కర్లేదు. 1990ల నుంచి మాస్టరింగ్‌లో (విడుదలకు ముందు పాటకు చేసే చివరి సర్దుబాటులో) కంప్రెషన్, లిమిటింగ్, అంటే పెద్ద చిన్న శబ్దాల తేడాను తగ్గించే పనులు, పెరుగుతూ వచ్చి పాటలు మొదటి నుంచి చివరి దాకా ఒకే జోరుతో మోగడం అలవాటైంది. 1960ల నాటి రికార్డింగులో గాయని గొంతు తగ్గిస్తే నిజంగానే తగ్గుతుంది. 2000ల నాటి కవర్‌లో గుసగుస కూడా కేక అంత పెద్దగా ఉండొచ్చు. రెంటినీ ఒకే నాబ్ మీద వింటే పాతది 'నీరసంగా' తోస్తుంది. ఆ నీరసం గాయనిది కాదు. దానికి తోడు, పాతవాటికి రీమాస్టర్లు, అంటే మళ్లీ మాస్టరింగ్ చేసిన ప్రతులు, వచ్చాయి. మీరు ఒరిజినల్ అనుకుంటున్నది కూడా కొత్తగా లెవెల్ పెంచినదై ఉండొచ్చు.

స్ట్రీమింగ్‌లో వినేవాళ్లకు ఒక సులువు ఉంది. స్పాటిఫై మామూలు సెట్టింగులో పాటలన్నిటినీ దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (చెవికి తోచే బిగ్గరతనాన్ని కొలిచే కొలత) సర్దుతుంది. అయితే ఆల్బమ్‌ను ఆల్బమ్‌గా వింటే పాటల మధ్య హెచ్చుతగ్గులు అలాగే ఉంచేస్తుంది. అంటే మెల్లగా ఉండాల్సిన పాట మెల్లగానే వస్తుంది. పోలిక కోసమైతే వెర్షన్లన్నీ ఒక ప్లేలిస్టులో వేసి వినండి. ఆ సర్దుబాటు లేనిచోట, రెండు రికార్డింగుల్లోనూ గొంతు ఒక్కటే వినిపించే చోటు వెతికి, ఆ గొంతు రెండింట్లోనూ ఒకే దూరంలో ఉన్నట్టు వచ్చేదాకా నాబ్ తిప్పండి. చాలామంది ఇష్టాలు అక్కడికక్కడే తారుమారవుతాయి.

వినే వరస కూడా తక్కువదేం కాదు. బ్రస్సెల్స్‌లో జరిగే క్వీన్ ఎలిజబెత్ సంగీత పోటీ ఫలితాలను ఫ్లోరెస్, గిన్స్‌బర్గ్ అనే పరిశోధకులు 1996లో విశ్లేషించారు. ఎవరు ఎప్పుడు వాయించాలో చీటీ తీసి నిర్ణయించే పోటీ అది. అయినా మొదటి రోజుల్లో వాయించినవాళ్ల కన్నా తర్వాత వాయించినవాళ్లకు మెరుగైన స్థానాలు దక్కాయి. జడ్జీలంతా ఆరితేరినవాళ్లే. కాబట్టి పది వెర్షన్లు వినాలంటే ఒకే వరసలో ఒక్కసారి వినడం చాలదు. రెండోసారి తిరగేసి వినాలి.

అపోహ: మనం మార్కులు వేస్తున్నది గొంతుకే

'హర్ట్' మొదట నైన్ ఇంచ్ నెయిల్స్ అనే రాక్ బృందం 1994లో పాడిన పాట. కంట్రీ గాయకుడు జానీ క్యాష్ వెర్షన్ 2002లో వచ్చింది, అప్పటికి అతనికి 70 ఏళ్లు. దాని వీడియోలో మూతపడి పాడైన అతని మ్యూజియం, పక్కన భార్య జూన్, వణుకుతున్న చేతులు కనిపిస్తాయి. అది చూసి కదలనివాళ్లను నేను చూడలేదు. పాట రాసిన నైన్ ఇంచ్ నెయిల్స్ గాయకుడు ట్రెంట్ రెజ్నర్ చెప్పిందే వినండి: మొదట ఆడియో ఒక్కటే విన్నప్పుడు అతనికి వింతగా, పరాయిగా తోచింది. వీడియో చూశాకే ఆ పాట ఇక తనది కాదనిపించింది. రాసినవాడి చెవినే కన్ను అంతగా మార్చేసింది.

2013లో చియా-జుంగ్ సాయ్ అనే పరిశోధకురాలు ప్రచురించిన ప్రయోగాల్లోనూ ఇదే తేలింది. పోటీల్లో గెలిచిందెవరో ఊహించమంటే, శబ్దం విన్నవాళ్ల కన్నా శబ్దం లేని వీడియో చూసినవాళ్లే ఎక్కువ కరెక్టుగా చెప్పారు. ఆ విన్నవాళ్లలో వృత్తి సంగీతకారులు కూడా ఉన్నారు.

క్యాష్ వెర్షన్ వీడియో వల్లే గొప్పదని నేననను. తెర ఆపేసి వినండి. మొదటి రికార్డింగులో చరణాల కింద గిటార్ కావాలనే ఒక అపస్వరాన్ని పట్టుకుని వేలాడుతుంది, చెవిలో ముల్లులా గుచ్చుతుంది. క్యాష్ దాన్ని తీసేసి మామూలు కార్డులు పెట్టించాడు. నొప్పి గిటార్‌లోంచి గొంతులోకి మారింది. చివర్లో పియానో ఒకే స్వరాన్ని కొడుతూ కొడుతూ పెరుగుతుంది. సాహిత్యంలో ఒక బూతు మాట తీసి ముళ్ల కిరీటం పెట్టాడు. ఆ ఒక్క మాటతో పాట మాట్లాడే మనిషి విశ్వాసమే వేరైపోయింది. ఇవి మార్కులు వేయదగ్గ మార్పులు. మ్యూజియం, చేతులు దర్శకుడి ఖాతాలోవి.

అపోహ: శ్రుతి మార్చి పాడితే మోసం

కాదు. గొంతుకు తగ్గట్టు శ్రుతి మార్చుకోవడం పాడేవాళ్ల హక్కు. దీని మీద వాదన అనవసరం. వేగం సంగతి మాత్రం వేరు. మరీ నెమ్మది చేస్తే ఊపిరి చాలక వాక్యం మధ్యలో తెగుతుంది, ఆ తెగినచోటు మాత్రం చూడాలి.

అపోహ: గొంతు ఎంత పైకి వెళ్తే పాట అంత పైన ఉన్నట్టు

ఈ అపోహకు అందరూ చూపించే ఉదాహరణ 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ'. గాయని డాలీ పార్టన్ 1974లో విడుదల చేసింది, ప్రియుడి గురించి కాదు, తనను పైకి తెచ్చిన సహగాయకుడు పోర్టర్ వాగనర్ దగ్గర సెలవు తీసుకుంటూ రాసుకున్నది. చివరి చరణాన్ని పాడదు, మాటల్లా చెబుతుంది. 1992లో విట్నీ హ్యూస్టన్ పాడితే అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్‌లో 14 వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

విట్నీ వెర్షన్ అనగానే అందరికీ గుర్తొచ్చేది డ్రమ్ దెబ్బ తర్వాత శ్రుతి ఒక్క మెట్టు లేచి, గొంతు విచ్చుకునే చోటు. దానికి బలం ఎక్కణ్ణుంచి వచ్చింది? మొదట్లో ముప్పావు నిమిషం పాటు వాయిద్యమే లేకుండా పాడినచోటు నుంచి, ఆ దెబ్బకు ముందు వదిలిన నిశ్శబ్దం నుంచి. పోటీలకు వచ్చేవాళ్లు చాలామంది ఆ ఎత్తును మాత్రమే నేర్చుకుంటారు. మొదటి వాక్యం నుంచే గమకాల మీద గమకాలు వేస్తూ వస్తారు, తీరా శ్రుతి లేచే చోటికి వచ్చేసరికి ఎక్కడానికి చోటుండదు. నేను మార్కులు కోసేది అక్కడే.

అపోహ: అంతా మార్చేస్తేనే సృజన, మార్చకపోతే అనుకరణ

'రెస్పెక్ట్' పాటను 1965లో గాయకుడు ఓటిస్ రెడింగ్ రాసి పాడాడు: సంపాదించి ఇంటికొచ్చే మగాడు మర్యాద అడుగుతాడు. 1967లో గాయని అరీథా ఫ్రాంక్లిన్ మాటలు చాలావరకు ఉంచేసి, ఆ అడిగే మనిషిని ఆడమనిషిని చేసింది. పాట పేరును అక్షరం అక్షరంగా పలికింది, చెల్లెలు, అక్క కలిసి వెనక కోరస్ అందుకున్నారు, మొదటిదానిలో లేని శాక్సఫోన్ భాగం ఒకటి మధ్యలో చేరింది. ఆ ఏడాది అమెరికాలోని మాంటెరీ సంగీతోత్సవం వేదిక మీద ఓటిసే ఆ పాటను ఒక అమ్మాయి తన దగ్గర్నుంచి పట్టుకుపోయిందని చెప్పాడు. మారింది కొంచెమే, ఎవరు మాట్లాడుతున్నారన్నదే మారింది. మరోపక్క, వేగం, తాళం, వాయిద్యాలు అన్నీ మార్చేసి కూడా పాటలో మాట్లాడే మనిషిని పట్టుకోలేని కవర్లు ఎన్నో నా చెవిన పడ్డాయి.

అపోహ: శ్రుతికి ఇంత, లయకు ఇంత అని కూడితే విజేత వచ్చేస్తుంది

కూడితే గెలిచేది ఏ తప్పూ లేని వెర్షన్. అన్నింట్లోనూ ఏడేసి తెచ్చుకున్నది, ఒకదాంట్లో పది, ఇంకోదాంట్లో మూడు తెచ్చుకున్నదాన్ని దాటేస్తుంది. నేను శ్రుతి, లయ చూసేది వడపోతకే. ఆ తర్వాత ఒక్కో వెర్షన్ కింద ఒకే వాక్యం రాస్తాను: ఇందులో మాట్లాడుతున్నది ఎవరు, ఎవరితో. ఆ వాక్యం రాయలేకపోతే ఆ వెర్షన్ కిందికి వెళ్తుంది, గొంతు ఎంత బాగున్నా సరే. రెండు వెర్షన్లకు రెండు వేర్వేరు వాక్యాలు వచ్చి, రెండూ పాటకు సరిపోతే మాత్రం వాటి మధ్య ఒకటి, రెండు అని రాయను. డాలీ, విట్నీ నా జాబితాలో ఒకే గీత మీద ఉంటారు. కొన్ని రోజులు ఆగి, వరస తిప్పి, పేర్లు కనపడకుండా ఎవరితోనైనా పెట్టించుకుని మళ్లీ వింటాను. రెండుసార్లకూ నా మార్కులు పొంతన లేకుండా ఉంటే ఆ మార్కులు కొట్టేసి, వాక్యాలు ఉంచుతాను.