పటంలో రంగు పడినంత మాత్రాన భూమి పోదు, ధర పెరగదు: ఎడారి ప్రావిన్స్ ప్రణాళికపై అపోహలు - వాస్తవాలు

రెండు వారాల క్రితం ధర్మవరం నుంచి మా చిన్నాన్న కొడుకు వాట్సాప్‌లో ఒక పటం పంపాడు. రాబోయే రహదారి అంటూ ఒక గీత, దాని చుట్టూ ఎర్రరంగు. "అక్కా, నువ్వు ప్లానర్‌వి కదా, ఇక్కడ రెండెకరాలు కొనమంటావా?" అని అడిగాడు. అదే రోజు పొద్దున నేను దక్షిణాఫ్రికాలోని నార్తర్న్ కేప్ ప్రావిన్స్‌లో, ఒక చిన్న ఊరి హాల్లో, అలాంటి పటం ముందే కూర్చుని ఉన్నాను. ఒక పెద్దావిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ కవరులో దాచుకుని తెచ్చారు. అక్కడి వాళ్లు పెద్దవయసు ఆడవాళ్లను 'టానీ' అంటారు, మనం 'పిన్నీ' అన్నట్టు. టానీ ఊదారంగు పడిన చోట వేలు పెట్టి, "ఇది మా మేకల దొడ్డి. మమ్మల్ని ఎప్పుడు ఖాళీ చేయమంటారు?" అని అడిగారు. మా తమ్ముడికి ఆశ, టానీకి దడ. పటాన్ని మాత్రం ఇద్దరూ ఒకే రకంగా తప్పుగా చదివారు.

అపోహ: ప్రాంతీయ ప్రణాళిక పటంలో ఏ రంగు పడితే ఆ భూమికి అదే గతి.

ఈ ఒక్క అపోహ వల్ల మునిగినంత మంది మిగతా అన్నింటి వల్లా కలిపి మునగలేదు. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తాను.

ముందు కొలతలు చూడండి. నార్తర్న్ కేప్ విస్తీర్ణం 3,72,889 చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2,75,045. అది మొత్తం ఇందులో పట్టినా ఇంకా దాదాపు లక్ష చదరపు కిలోమీటర్లు మిగులుతుంది. జనం మాత్రం 2022 జనగణన ప్రకారం పదమూడున్నర లక్షలు, అంటే చదరపు కిలోమీటరుకు నలుగురు కూడా లేరు. ఇంత నేలను గోడకు తగిలించే ఒక్క కాగితం మీదకు ఎక్కించాలంటే 1:10,00,000 లాంటి స్కేలుకు పోక తప్పదు. ఆ స్కేలులో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద ఒక కిలోమీటరు. టానీ దొడ్డి ఆ ఊదారంగు అంచుకు లోపల ఉందా, బయట ఉందా అంటే ఆ పటం గీసినవాళ్లు కూడా చెప్పలేరు. చెప్పడానికి గీసిన పటమూ కాదు అది.

ఇక చట్టం సంగతి. అక్కడ 2013లో చేసిన ప్రాదేశిక ప్రణాళిక, భూ వినియోగ నిర్వహణ చట్టం 2015 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అందులో రెండు వేర్వేరు వస్తువులు ఉన్నాయి. ఒకటి ప్రాదేశిక అభివృద్ధి చట్రం, అంటే ఆ ప్రాంతం ఎటు ఎదగాలో చెప్పే పత్రం. టానీ చేతిలోని పటం ఇలాంటి దానిదే. దేశానికి, ప్రావిన్స్‌కు, మునిసిపాలిటీకి ఎవరిది వారికి ఉంటుంది. రెండోది మునిసిపాలిటీ చేసే భూ వినియోగ స్కీము. ఫలానా ప్లాటులో ఇల్లు కట్టవచ్చా, దుకాణం పెట్టవచ్చా, సేద్యం తప్ప ఇంకేమీ కుదరదా అన్నది తేల్చేది ఈ రెండోదే. యజమానిని చట్టబద్ధంగా కట్టిపడేసేదీ ఇదే. చట్రం దారి చూపుతుంది, అంతే. మన మాటల్లో చెప్పాలంటే, జిల్లా విజన్ పత్రం చూసి సర్వే నంబరు జోనింగ్ (ఆ భూమిని దేనికి వాడవచ్చన్నది) తేల్చుకున్నట్టుంది మా తమ్ముడిదీ, టానీదీ వ్యవహారం.

అలాగని చట్రం చిత్తుకాగితమూ కాదు. మునిసిపాలిటీ చట్రానికి విరుద్ధంగా నిర్ణయం తీసుకోవాలంటే, ఆ స్థలానికే ప్రత్యేకమైన కారణాలు చూపించాలి. పైపులైనుకూ రోడ్డుకూ డబ్బు ఎటు పారాలన్నది కూడా ఏళ్ల తరబడి దాన్ని బట్టే సాగుతుంది. కానీ అది మీ పట్టాను రద్దు చేయదు, మీకు కొత్త పట్టా ఇవ్వదు.

కొన్నేళ్ల క్రితం కలహారి వైపు ఒకాయన నా దగ్గరికి వచ్చారు. పటంలో 'అభివృద్ధి కారిడార్' బాణం తాను అమ్మజూపిన స్థలం మీదుగా పోతోందని ఒక దళారి చూపించాడట. ఈయన తన పికప్ బండి, సగం గొర్రెలు అమ్మి ఆ స్థలం కొన్నారు. తీరా చూస్తే అది వ్యవసాయ భూమిలో విడదీయని వాటా. అక్కడ వ్యవసాయ భూమిని ముక్కలు చేయాలంటే 1970 నాటి చట్టం ప్రకారం జాతీయ వ్యవసాయ మంత్రి సమ్మతి కావాలి. ఆ సమ్మతి లేదు, నీళ్లు లేవు, కరెంటు స్తంభం కనుచూపు మేరలో లేదు. "బాణం అబద్ధమా?" అని అడిగారు. అబద్ధం కాదు. ఆ బాణం రెండు ఊళ్ల మధ్య సరుకు రవాణా ఎటు సాగుతుందో చూపించేది, అంతే. అనుమతి లేని లేఅవుట్లో ప్లాటు కొని రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీద కూర్చున్న మనవాళ్ల ముఖాలు నాకు ఆ రోజు గుర్తొచ్చాయి.

ఇందులో మా తప్పూ ఉంది. నా మొదటి ఉద్యోగంలో నేను కూడా అలాంటి లావు బాణాలు గీశాను. ప్రెజెంటేషన్‌లో అందంగా కనిపిస్తాయని మా పెద్ద సారు మెచ్చుకున్నారు. ఆ పటం నుంచి స్కేలు, సూచిక కత్తిరించేసి ఒక్క బొమ్మనే ఫోన్లలో తిప్పితే ఏమవుతుందో అప్పట్లో ఆలోచించలేదు.

దళారుల మీద నాకు ఓపిక లేదు. టానీ లాంటి వాళ్ల మీద విసుక్కుంటే మాత్రం అది నా తప్పవుతుంది. ఆరెంజ్ నది పక్కన రీమ్‌ఫాస్‌మాక్ అనే చోటు ఉంది. 1973-74లో అక్కడి జనాన్ని బలవంతంగా తరలించారు. కొందరిని ఇప్పటి నమీబియాకు, కొందరిని ఎక్కడో తూర్పున సిస్కైకి. వర్ణవివక్ష ముగిశాక 1995 నుంచి తిరిగి రాగలిగారు. పటం మీద ఒక రంగు పులిమితే ఊళ్లు లేచిపోవడం కళ్లారా చూసిన తరం అది. టానీ భయం పుకారు నుంచి పుట్టలేదు. అందుకే ఆమెకు చట్టం పాఠం చెప్పకుండా, దొడ్డి ఎక్కడుందో, ఏ నెలల్లో మంద ఎటు పోతుందో అడిగి రాసుకుని అభ్యంతరంగా నమోదు చేయించాను. మునిసిపాలిటీ చట్రం ముసాయిదా మీద రాతపూర్వకంగా చెప్పుకోవడానికి అరవై రోజులు ఉంటాయి. ఆ గడువును సౌర విద్యుత్ కంపెనీలు వాడుకున్నట్టు మేకల వాళ్లు వాడుకోరు.

మా తమ్ముడికి ఒకటే సమాధానం పంపాను: పటం వద్దు, సర్వే నంబరు అడుగు, దాని జోనింగ్ రాతపూర్వకంగా తెచ్చుకో. నార్తర్న్ కేప్‌లోనూ అంతే. మునిసిపాలిటీ కౌంటర్‌లో జోనింగ్ సర్టిఫికెట్ అడగండి.

అపోహ: ఇదంతా ఖాళీ భూమి.

విమానంలోంచి చూసి చెప్పే మాట ఇది. ప్రావిన్స్ పడమటి భాగమైన నమక్వాలాండ్‌లో కమీస్‌బర్గ్ కొండల మీద చలి ముదిరితే మందలు కిందికి దిగుతాయి, ఎండలు వస్తే పైకి ఎక్కుతాయి. దిగిన నెలల్లో కొండ, ఎక్కిన నెలల్లో పల్లం 'ఖాళీ'గా కనిపిస్తుంది. మన రెవెన్యూ రికార్డుల్లో 'బంజరు' అన్న మాట వెనుక ఎన్ని మందలు మేస్తుంటాయో రాయలసీమ వాళ్లకు నేను చెప్పాలా? అక్కడే ఉత్తరాన రిక్టర్స్‌వెల్డ్ నామా ప్రజలు ఆ భూమి తమదేనని కోర్టుకెక్కారు. 2003లో రాజ్యాంగ న్యాయస్థానం వాళ్ల సంప్రదాయ చట్టం ప్రకారం భూమితో పాటు అందులోని ఖనిజాల మీద కూడా వాళ్లకు యాజమాన్యం ఉండేదని తేల్చింది. వజ్రాల నేల అది. 2007లో అక్కడి పశుపోషణ భూభాగం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. 'ఖాళీ' అని రాసే ముందు ఎవరిని అడిగి రాశారని నేను మా కుర్ర ప్లానర్లను నిలదీస్తాను.

అపోహ: ఎడారి ఎడారే, అంతటికీ ఒకే నియమం చాలు.

అనంతపురంలో సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, మనం కరవు సీమ అంటాం. నార్తర్న్ కేప్‌లోని అపింగ్టన్ పట్టణంలో 200 కూడా పడదు. అయినా ఎంత పడిందన్నదొక్కటే లెక్క కాదు, ఎప్పుడు పడిందన్నది ముఖ్యం. పడమట నమక్వాలాండ్‌కు అట్లాంటిక్ మీదుగా చలికాలపు వాన వస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో నేలంతా పూలే. తూర్పున కింబర్లీ, కలహారి వైపు వేసవి ఉరుముల వాన. నడుమ కరూ మైదానం గొర్రెలది. కాతు దగ్గర ఇనుప గని పక్కనే ఒంటెముల్లు చెట్ల అడవి ఉంది. మన నల్లతుమ్మకు దగ్గరి చుట్టం ఆ చెట్టు. ఒక చోట మేత నిలిపే నెల ఇంకో చోట మేపే నెల. వీటన్నిటికీ ఒకే పట్టిక రాసేవాళ్లు ఒక్క ఏడాది అక్కడ ఉండి చూడాలి.

అపోహ: పునరుత్పాదక ఇంధన మండలంలో సోలార్ పెట్టడానికి అనుమతులే అక్కర్లేదు.

అక్కర పడతాయి. 2018లో సౌర, పవన విద్యుత్ కోసం ప్రకటించిన ఎనిమిది మండలాల్లో అపింగ్టన్, స్ప్రింగ్‌బాక్, కింబర్లీ ఉన్నాయి. మండలంలో ఉన్నంత మాత్రాన పర్యావరణ మదింపు తంతు చిన్నదవుతుంది, పోదు.

అపోహ: టెలిస్కోపుల వల్ల ప్రావిన్స్ అంతా ఫోన్లు బంద్.

కార్నార్వన్ ఊరి దగ్గర మీర్‌క్యాట్ అనే రేడియో టెలిస్కోపు 64 డిష్‌ల చుట్టుపక్కల రేడియో తరంగాల మీద కఠినమైన ఆంక్షలు ఉన్న మాట నిజం. 2007 చట్టం కింద ఖగోళ రక్షణ ప్రాంతంగా కింబర్లీ ఉన్న మునిసిపాలిటీ తప్ప ప్రావిన్స్ అంతా ప్రకటించిన మాటా నిజమే. అయినా అపింగ్టన్ బజారులో నిలబడి నేను మా అమ్మతో వీడియోలో మాట్లాడుతూనే ఉన్నాను.

అపోహ: ఆరెంజ్ నది ఉండగా నీటికి కరవేమిటి, కాలువ తవ్వితే సరి.

అపింగ్టన్, కకామాస్ దగ్గర ద్రాక్షతోటలు చూసి అనే మాట ఇది. నదికి వచ్చే నీరు ఎక్కువగా లెసోతో కొండల నుంచి దిగుతుంది. దాని మీద ఇప్పటికే రైతులు, ఊళ్లు, గనులు, కింద నమీబియా అందరూ ఆధారపడి ఉన్నారు. స్ప్రింగ్‌బాక్ తాగేది కూడా ఆ నది నుంచి పైపులో వచ్చే నీరే. కొత్తగా తోట వేయాలంటే 1998 జల చట్టం కింద లైసెన్సు కావాలి. ఒడ్డున భూమి ఉండటం వేరు, నీటి హక్కు ఉండటం వేరు. ఈ రెండో కాగితం చూడకుండా నది ఒడ్డున అడ్వాన్సు ఇచ్చిన ఇద్దరు ఈ నెలలోనే నా దగ్గరికి వచ్చారు.