ఫ్రెంచి సైనికుడు పిరికివాడా? క్లాసులో వినే అపోహలు, అసలు వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పడం నా ఉద్యోగం. రెండో ప్రపంచయుద్ధం పాఠంలో "1940లో ఫ్రాన్స్..." అనగానే వెనక బెంచీలో ఎవడో ఒకడు రెండు చేతులూ పైకెత్తుతాడు. క్లాసంతా గొల్లుమంటుంది. ఫోన్లలో తిరిగే మీమ్స్ పుణ్యం. ఆ నవ్వులు సద్దుమణిగాక నేను చెప్పే సంగతులే ఇవి.

అపోహ: 1940లో ఫ్రెంచివాళ్లు పోరాడకుండానే లొంగిపోయారు.

వాస్తవం: మే 10న జర్మన్లు దాడి మొదలుపెట్టారు. జూన్ 22న యుద్ధ విరమణ మీద సంతకాలైపోయాయి. ఇంత తొందరగా ఓడారంటే అసలు పోరాడలేదేమో అనిపిస్తుంది. కానీ ఆ ఆరు వారాల్లోనే యాభై వేలమందికి పైగా ఫ్రెంచి సైనికులు చనిపోయారు. పోరాడనివాళ్లు ఇంతమంది చావరు.

ఈశాన్య ఫ్రాన్స్‌లోని సెడాన్ పట్టణానికి దక్షిణాన గుట్ట మీద స్టొన్ అనే చిన్న పల్లె ఉంది. మే 15 నుంచి మూడు రోజుల్లో ఆ ఊరు 17 సార్లు చేతులు మారింది. 16న కెప్టెన్ పియేర్ బిలోత్ తన ట్యాంకుతో ఊళ్లోకి చొరబడి, వీధిలో వరసగా నిలిచి ఉన్న జర్మన్ ట్యాంకుల మీద కాల్పులు మొదలుపెట్టాడు. 13 ట్యాంకులు పనికిరాకుండా పోయాయి. వెనక్కొచ్చాక చూస్తే ఆయన ట్యాంకు కవచం మీద 140 దెబ్బలు. ఒక్కటీ లోపలికి దిగలేదు.

నెలాఖరులో లిల్ నగరంలో చిక్కుకుపోయిన 35 వేలమంది దాకా ఫ్రెంచి సైనికులు ఏడు జర్మన్ డివిజన్లను నాలుగు రోజులు కదలనివ్వలేదు. అప్పుడే డంకర్క్ రేవులో బ్రిటిష్ సైన్యం ఇంగ్లండుకు తప్పించుకోవడానికి ఓడలెక్కుతోంది. ఓడలెక్కినవాళ్ల కథ అందరికీ తెలుసు, లిల్ కథ ఎవరికీ తెలియదు. లిల్ సైనికులు లొంగినప్పుడు జర్మన్లే వాళ్లను ఆయుధాలతో కవాతు చేయనిచ్చి గౌరవించారు.

మరి ఓటమి ఎందుకొచ్చింది? నన్నడిగితే పైన కూర్చున్నవాళ్ల వల్ల. మంచి దళాలన్నిటినీ బెల్జియం వైపు పంపేశారు. శత్రువు మాత్రం వాళ్లు ఊహించని ఆర్డెన్ అడవుల్లోంచి సెడాన్ మీదికి వచ్చాడు. ప్రధాన సేనాని గామెలాన్ ఉన్న వాన్‌సెన్ కోటలో రేడియో కూడా లేదు, ఉత్తర్వులు మోటారుసైకిళ్ల మీద వెళ్లేవి. సెడాన్ దగ్గర రిజర్వు దళాలు బెదిరిపోయి పరుగెత్తిన మాట కూడా నిజమే, దాన్ని నేను దాచను.

అపోహ: జర్మనీ సరిహద్దు పొడవునా ఫ్రాన్స్ కట్టుకున్న కోటల వరస, మాజినో లైన్, శుద్ధ దండగ.

వాస్తవం: జర్మన్లు చుట్టు తిరిగి వచ్చిందే ఆ కోటలకు జంకి. చాలా కోటలు చివరిదాకా వాళ్ల చేతికి చిక్కలేదు. కొన్నయితే యుద్ధ విరమణ అయ్యాక కూడా, పైనుంచి ఆర్డరొస్తేనే తలుపులు తీశాయి.

అపోహ: ఫ్రెంచివాళ్ల పిరికితనం చరిత్ర అంతటా కనిపిస్తుంది.

వాస్తవం: ఈ జోకు ఇంతగా పాకింది 2003లో. ఇరాక్ యుద్ధానికి రామని ఫ్రాన్స్ అన్నందుకు అమెరికా కాంగ్రెస్ క్యాంటీన్లలో ఫ్రెంచ్ ఫ్రైస్ పేరు కూడా మార్చేశారు. మన దగ్గరైతే 1757లో బొబ్బిలి కోట ముందు బుస్సీ ఫిరంగులను చూసినవాళ్లెవరూ ఫ్రెంచివాళ్లంటే నవ్వి ఉండరు.

అపోహ: కాదు కాదు, వాళ్లది పుట్టుకతోనే వీరజాతి.

నెపోలియన్ అభిమానుల మాట ఇది. నా లెక్కలో పిరికితనం జోకు కంటే ఇదే ప్రమాదకరం, ఎందుకంటే 1914కు ముందు ఫ్రెంచి సైనికాధికారులే దీన్ని నమ్మారు. మనవాళ్ల ఊపు ముందు ఏదీ నిలవదు, ముందుకు దూకడమే యుద్ధం అని నేర్పారు. ఎర్ర ప్యాంట్లు తొడిగి మెషిన్‌గన్ల ముందుకు పంపారు. మొదటి ప్రపంచయుద్ధం మొదలైన ఆ 1914లో, ఆగస్టు 22న ఒక్కరోజే దాదాపు 27 వేలమంది పోయారు. క్లాసులో ఈ అంకె బోర్డు మీద రాసి కాసేపు ఊరుకుంటాను. మొత్తం యుద్ధంలో చనిపోయిన ఫ్రెంచి సైనికులు 13 లక్షల పైమాటే.

1917 తిరుగుబాట్లనూ ఈ వెలుగులోనే చూడాలి. 48 గంటల్లో శత్రువు వరసను చీల్చేస్తానని జనరల్ నివెల్ చేసిన దాడి విఫలమయ్యాక, సైన్యంలో దాదాపు సగం డివిజన్లలో సైనికులు మొండికేశారు. కందకాలు వదిలేస్తామనలేదు, ఈ పనికిరాని దాడులకు మాత్రం వెళ్లమన్నారు. సెలవులూ సరైన తిండీ అడిగారు. దీన్ని పిరికితనం అనడానికి నాకు నోరు రాదు.

అపోహ: లొంగిపోయినవాడు పిరికివాడే.

వాస్తవం: మొదటి ప్రపంచయుద్ధంలోనే, ఫ్రాన్స్‌లోని వెర్డన్ దగ్గర వో కోట, 1916 జూన్. కోట పైకప్పు మీద జర్మన్లు, లోపల ఫ్రెంచి మేజర్ రేనాల్ మనుషులు. చీకటి నడవాల్లో గ్రెనేడ్లు, పొగ. ఇంతలో తొట్టెలో నీళ్లు అడుగంటాయని తెలిసింది. దాహానికి తాళలేక సైనికులు గోడల చెమ్మ నాకారు. 4న సాయం కోరుతూ ఆఖరి పావురాన్ని వదిలారు. విషవాయువు పీల్చిన ఆ పావురం కబురు చేర్చి చచ్చిపోయింది. సాయం మాత్రం రాలేదు. 7న రేనాల్ లొంగిపోయాడు. జర్మన్ యువరాజు ఆయన్ను పిలిపించుకుని మెచ్చుకుని, చేతికి ఒక కత్తి ఇచ్చాడు.