అక్వేరియంలో ఇసుక మార్చాలంటే

ఉప్పునీటి అక్వేరియంలో ఇసుక మురికి పట్టాక చాలామంది ఒక్క పూటలో దాన్నంతా మార్చేద్దామనుకుంటారు. ఆ తొందరే చేపల ప్రాణం మీదికి తెస్తుంది.

చేపల విసర్జన నుంచి, తినకుండా వదిలేసిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా నీళ్లలో కంటే ఇసుక రేణువుల మీద, రాళ్ల మీదే ఎక్కువగా ఉంటాయి. ఇసుకంతా ఎత్తిపారేస్తే వాటిలో చాలావాటిని పారేసినట్టే. పైగా ఈ నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో విషపు రూపం వాటా దాదాపు పది రెట్లవుతుంది. మంచినీటి తొట్టిలో చేపలు తట్టుకునే మోతాదే ఇక్కడ చంపేయగలదు.

ఇసుక లోతుగా ఉంటే టెన్షన్ ఇంకాస్త ఎక్కువ. కిందికి పోయేకొద్దీ ఆక్సిజన్ అయిపోతుంది. అక్కడి బ్యాక్టీరియా నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చేస్తాయి, అది మనకు మేలే. నైట్రేట్ కూడా చాలని చోట మరో రకం బ్యాక్టీరియా సముద్రపు నీటిలో పుష్కలంగా ఉండే సల్ఫేట్‌ను వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతాయి. గాజు పక్కనుంచి చూస్తే ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తాయి. అవి ఐరన్ సల్ఫైడ్. కదిపితే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఆ వాయువు కొద్దిగా నీళ్లలో కలిసినా చేపల కణాలు ఆక్సిజన్‌ను వాడుకోలేవు. నల్లచారలున్న తొట్టిలో చెయ్యి పెట్టే ముందు చేపల్ని వేరే నీళ్లలోకి మార్చాల్సిందే.

రెండు మూడు సెంటీమీటర్ల పలుచటి పొరైతే అంత హైరానా లేదు. నీళ్లు మార్చేటప్పుడు అదే గొట్టంతో పావు వంతు ఇసుకను పీల్చేసి, ఒకటి రెండు వారాలు ఆగి మళ్లీ ఇంకో పావు. మధ్యలో అమ్మోనియా పరీక్ష చేస్తూ, ఏ కాస్త కనిపించినా ఆపేయాలి. కొత్త ఇసుకను తేటనీరు వచ్చేదాకా కడిగి, అడుగుదాకా దించిన పైపులోంచి పోస్తే నీళ్లు పెద్దగా పాలలా మారవు. పాత ఇసుక పైపొర శుభ్రంగా ఉంటే బ్యాక్టీరియా కోసం ఒక గుప్పెడు తోడు వెయ్యొచ్చు.

అరగోనైట్ (ఒక రకం కాల్షియం కార్బొనేట్) ఇసుక సంచుల మీద పీహెచ్‌ను నిలబెడుతుందని రాస్తుంటారు. నన్నడిగితే ఆ మాటను నమ్ముకుని డబ్బు పెట్టనక్కర్లేదు. 8.2 దగ్గర అరగోనైట్ దాదాపు కరగదు. లోపలి పొరల్లో ఆమ్లత్వం పెరిగిన చోటే కరుగుతుంది. రేణువు సైజును మాత్రం చేపల్ని బట్టి ఎంచుకోవాలి. రాస్ అనే సముద్రపు చేప జాతుల్లో చాలావి రాత్రిళ్లు ఇసుకలో దూరి నిద్రపోతాయి, గరుకు పగడపు ముక్కలు వాటి ఒంటిని గీరేస్తాయి.