ఘాట్ దిగేటప్పుడు ముందు బ్రేక్: అపోహలు - వాస్తవాలు

తిరుపతి నుంచి చంద్రగిరి, భాకరాపేట ఘాట్, పీలేరు, మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్‌కు వెళ్లే గ్రూప్ టూర్లలో బయలుదేరే ముందు సాయంత్రం అందరి సైకిళ్లూ చూస్తాం. సగం సైకిళ్లలో ఒకటే వరస. వెనక బ్రేక్ రబ్బర్లు అరిగి లోహం బయటపడి ఉంటుంది, ముందువి మాత్రం కొన్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. అడిగితే జవాబూ ఒకటే: "ముందు బ్రేక్ పడితే బోర్లా పడతామంట గదన్నా!"

ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, ఘాట్ రోడ్ల మీద ఇంతకన్నా ప్రమాదమైన సలహా లేదు.

బ్రేక్ పడగానే బరువు చాలావరకు ముందు చక్రం మీదికి వస్తుంది. వెనక చక్రం తేలికై, రోడ్డు మీద పట్టు కోల్పోయి జారుతుంది. అందుకే వెనక బ్రేక్ ఎంత గట్టిగా నొక్కినా కొంతవరకే పనిచేస్తుంది. చదునైన పొడి రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంలో వెనక బ్రేక్ ఒక్కటే పడితే, సైకిల్ ఆగడానికి 20 మీటర్లకు పైనే కావాలి. రెండూ కలిపి సరిగా పడితే 11, 12 మీటర్లు చాలు. వాలులో రెండు లెక్కలూ పెరుగుతాయి. మలుపు తిరగ్గానే ఎదురుగా లారీ ఉంటే ఆ తేడాయే ప్రాణం.

మరి బోర్లా పడేవాళ్లు ఎందుకు పడుతున్నారు? భయంతో లీవరును ఒక్కసారిగా లాగుతారు. చేతుల్లో బిగువు లేక ఒళ్లు ముందుకు జారుతుంది. సైకిల్ ఆగుతుంది, మనిషి ఆగడు. కాబట్టి పిర్రలు సీటు వెనక అంచుకు జరపండి, నడుము వంచి కిందికి ఉండండి, అరచేతులతో హ్యాండిల్‌ను గట్టిగా నెట్టి పట్టండి, లీవరును క్రమంగా బిగించండి. వెనక చక్రం జారడం మొదలైతే బరువు బాగా ముందుకు వచ్చిందని అర్థం. అప్పుడు ముందు లీవరు కొంచెం వదలండి. ఖాళీ మైదానంలో గంటకు 15 కిలోమీటర్ల వేగంలో ఇది సాధన చేసిన తర్వాతే ఘాట్‌కు రండి. ఏ లీవరు ఏ చక్రానిదో కూడా చూసుకోండి. మన దగ్గర ఎక్కువగా కుడిచేతిది ముందు చక్రానికి ఉంటుంది, కొన్ని సైకిళ్లకు తిరగేసి ఉంటుంది. లీవరు నొక్కిపట్టి సైకిల్‌ను ముందుకు తోస్తే తెలిసిపోతుంది.

ముందు బ్రేక్ నిజంగా పడకూడని చోట్లు ఉన్నాయి: సైకిల్ పక్కకు ఒరిగి ఉన్న మలుపు మధ్యలో, ఇసుక మీద, కంకర మీద, తడి ఆకుల మీద. ముందు చక్రం జారితే నిలదొక్కుకోవడం దాదాపు అసాధ్యం. వేగం తగ్గించే పనంతా మలుపుకు ముందే, సైకిల్ నిటారుగా ఉండగానే అయిపోవాలి. మలుపులో లీవర్లు వదిలేసి, బయటివైపు పెడల్ కిందికి పెట్టి, చూపు మలుపు చివర నిలపాలి.

దీనికి తోడు ఇంకో అపోహ: "కొండ మొదలు నుంచి చివరిదాకా బ్రేక్ కొంచెం నొక్కే ఉంచితే క్షేమం." మనిషి, సైకిల్, సామాను కలిపి 90 కిలోలనుకుంటే 500 మీటర్ల ఎత్తు దిగేసరికి పుట్టే వేడి దాదాపు 1.4 లీటర్ల నీళ్లను మరిగే దాకా తేగలదు. మెల్లగా దిగితే గాలికి పోయేది తక్కువ, అదంతా బ్రేక్ మీదే పడుతుంది. రిమ్ కాలి ట్యూబ్ పేలుతుంది, ట్యూబ్‌కు వేసిన అతుకులు ఊడుతాయి, డిస్క్ ప్యాడ్లు గట్టిపడి పట్టు తగ్గుతుంది. గట్టిగా నొక్కి వేగం తగ్గించండి, వదిలి చల్లారనివ్వండి, మళ్లీ నొక్కండి. రిమ్ వేడెక్కిందని అనుమానం వస్తే రోడ్డు పక్కకు వచ్చి ఆగండి, చేత్తో ముట్టుకోకండి. హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్ల ఎత్తు. అక్కడ ఉదయం మంచుకు రిమ్ తడిస్తే మొదట బ్రేక్ సరిగా పట్టదు, ఒకటి రెండుసార్లు నొక్కి ఆరబెట్టుకోవాలి. దారిలో కోతులు అడ్డొస్తాయని కూడా గుర్తుంచుకోండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. టైరు మీద రాసిన గరిష్ఠ గాలి కొట్టించడం తప్పు. 75 కిలోల మనిషికి 32 మిల్లీమీటర్ల టైరులో 60, 65 పీఎస్‌ఐ చాలు. మిట్ట ఎక్కేటప్పుడు పెద్ద గేరులో తొక్కితే బలం రాదు, మోకాలు పోతుంది. నిమిషానికి 70 చుట్లు తిరిగే గేరు పెట్టుకోండి. ఎండలో మంచినీళ్లు ఒక్కటే లీటర్లకు లీటర్లు పోసుకుంటే ఉప్పు తగ్గి తల తిరుగుతుంది, సగం సీసాలు ఓఆర్‌ఎస్‌వి ఉండాలి. బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగాకే.

దిగేటప్పుడు గుంపుగా అంటుకుని రావాలనేదీ తప్పే. ముందున్న సైకిల్‌కు కనీసం మూడు సెకన్ల దూరం ఉంచండి. 40 కిలోమీటర్ల వేగంలో అది 33 మీటర్లు. భయమేసేవాళ్లు ఆ మాట ముందు రోజే లీడర్‌కు చెప్పండి, వెనక వచ్చే వాలంటీర్ మీ వేగానికే వస్తాడు. చేతులు వణికితే వెడల్పాటి చోట ఆగి, దిగి, ఆ మలుపు దాటేదాకా సైకిల్ నడిపించుకుంటూ రండి, ఎవరూ ఏమీ అనరు.